కాక దెబ్బలు కంప్యూటర్లో పెట్టిన సంగతి

నేను మోసపోయిన కథ చెప్పుకోవడం నాకు ఇష్టం. ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు నా పక్షానే ఉంటారు, అయ్యో అంటారు, ఇంకో చాయ్ తెప్పిస్తారు. చెప్పినప్పుడల్లా నేను దాటేసే ముక్క ఒకటుంది. ఈసారి దాటెయ్యకుండా రాస్తాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. రోడ్ల మీద వంటావార్పులు, ప్రతి చౌరస్తాలో ఒక దీక్షా శిబిరం. జనగామ స్టేషన్ దగ్గర ఒక బట్టల దుకాణం పైగదిలో నేను కీబోర్డు పాఠాలు చెప్పేవాణ్ని. మిలిటరీ బ్యాండులో చేసి వచ్చిన ఒక పెద్దమనిషి దగ్గర చిన్నప్పుడు ఇంగ్లిషు నొటేషన్ నేర్చుకున్నాను. అయిదు గీతల మీద చుక్కలు పెట్టడం మా చుట్టుపక్కల నాకొక్కడికే వచ్చు కాబట్టి కొంచెం పొగరు కూడా ఉండేది. శిబిరాల్లో పాడే ఒక కళాబృందానికి హార్మోనియం వాయించేవాణ్ని.

ఆ బృందంలో డప్పు కొట్టేది కాక. చిన్నాన్నను పిలిచినట్టు అందరం కాక అనేవాళ్లం గానీ నాకు చుట్టమేమీ కాదు, జఫర్‌గఢ్ పక్క ఊరు ఆయనది. యాభై దాటిన మనిషి, పత్తి చేన్లలో కూలికి పోయేవాడు. ఊళ్లో చావైనా జాతరైనా ఆయన డప్పు లేనిదే నడవదు. నిలబడే చోటు మాత్రం ఎప్పుడూ అందరికీ ఎడంగానే. ఉద్యమం పుణ్యమా అని వేదిక ఎక్కాడు.

"నా ఉమర్ల గిదే మొదలు బిడ్డా, మంది ముంగట ముందు వరుసల నిలవడి కొట్టుడు. ఏమన్న పోనీ, గీ జాగ మాత్రం ఇడువ" అనేవాడు నాతో.

కాక కొడుతున్నప్పుడు డప్పు వైపు చూడడు. పాడే మనిషి పాదాల వైపు చూస్తాడు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి ఒక అక్క వచ్చి పాడేది. జనం ఈలలు వేస్తే ఆమె చరణాన్ని సాగదీసేది, కాక దరువునూ సాగదీసేవాడు. ఆమె ఊపిరి కోసం ఆగితే ఆయన చెయ్యీ ఆగేది. వాళ్లిద్దరూ ఏ రెండు ఊళ్లలోనూ ఒక పాటను ఒకే లాగా ముగించింది లేదు.

బృందాన్ని నడిపేది ఒక అన్న. ఆయన మాట్లాడితే మైకు అక్కర్లేదు. ఒకరోజు నా గదికొచ్చి కూర్చున్నాడు.

"సినిమాలల్ల మన మాటను జోకర్ల నోట్ల పెట్టి ఎన్నేండ్లు నవ్విన్రు? ఇప్పుడు మన పాట ఎన్క నలభై వయొలిన్లు మోగాలె. నవ్వినోళ్ల నోళ్లు మూతపడాలె. నువ్వు రాయగలుగుతవు, రాయి."

నాకు ఒళ్లు పులకరించింది. నన్ను అలా అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ నా దగ్గర అప్పటికే ఉంది. రాసినదాన్ని అదే వాయించి వినిపిస్తుంది, కానీ దాని సొంత వయొలిన్ చెవి దగ్గర దోమ తిరిగినట్టు ఉండేది. అన్న ఎవరి దగ్గరో ఒక హార్డ్ డిస్కు సంపాదించి తెచ్చాడు. అందులో ఎక్కడో దూరదేశపు హాల్లో వయొలిన్లు, చెల్లోలు, ట్రంపెట్లు ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయించగా రికార్డు చేసిన శబ్దాలు కుప్పలుగా ఉన్నాయి. శాంపిల్స్ అంటారు వాటిని. నేను గీతల మీద చుక్క పెడితే సాఫ్ట్‌వేర్ ఆ కుప్పలోంచి సరైన శబ్దం వెతికి మోగించాలి. అది దానంతటది జరగదు. ఏ వరుస ఏ వాద్యానిదో, చుక్క నెత్తిన బొట్టుంటే తుంచి వాయించాలనీ, వంకీ గీస్తే కలిపి వాయించాలనీ ప్రతిదీ మనమే పంతుల్లాగా చెప్పాలి. మొదటి రోజు వయొలిన్ల వరుస నొక్కితే ట్రంపెట్లు అరిచాయి. కింది దుకాణం సేటు మెట్లెక్కి వచ్చి, "ఎవరి పెండ్లి బారాతే?" అని అడిగి పోయాడు. పది వాద్యాలు ఎక్కించేసరికి కంప్యూటర్ మొరాయించేది. అది కుదిరితే కరెంటు పోయేది. చాలా రోజులు కుస్తీ పట్టాను. చివరికి ఒక మధ్యాహ్నం అన్నీ కుదిరి, అక్క పాట వెనక వయొలిన్లు ఒక్కసారిగా లేచాయి. నేను ఏడ్చాను. అంత బాగుంది.

కానీ ఆ డిస్కులో డప్పు లేదు. లోకంలోని డోళ్లన్నీ ఉన్నాయి, మాది లేదు. కాక దెబ్బల్ని రికార్డు చేసి మనమే శాంపిల్స్ తయారు చేద్దామని అన్నకు చెప్పింది నేనే. నేను దాటేసే ముక్క ఇదే. ఆ ఆలోచన నాది.

ఒకరోజు కూలి మానుకుని కాక జనగామ వచ్చాడు. అన్న కూడా ఉన్నాడు.

"గిది రియాజుకే కాక. పాటగాళ్లు తలా ఒక ఊర్ల ఉన్నరు, సీడీ ఇస్తే ఇంటికాడ నేర్చుకుంటరు. స్టేజి మీద నువ్వు లేకుంట ఎట్లయితది?" అన్నాడు అన్న.

కాక ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగి, "నిజమేనా బిడ్డా?" అన్నాడు.

"నిజమే కాక" అన్నాను.

డాబా మీద గడ్డి మంట వేసి డప్పు కాచుకుని కిందికి వచ్చాడు. కుడిచేతిలోని సిర్ర అనే పొట్టి కర్రతో ఒక దెబ్బ, ఎడమచేతి సన్న పుల్లతో ఒకటి, రెండూ కలిపి ఒకటి, అంచు మీద ఒకటి. ఒక్కోటి మెల్లగా, మామూలుగా, గట్టిగా. మళ్లీ ఒక్కో రకం నాలుగైదుసార్లు కావాలి, లేకపోతే ఒకే దెబ్బ పదేపదే మోగి కుట్టుమిషన్ లాగా ఉంటుంది. నాలుగు దెబ్బలకోసారి తోలు చల్లారి శబ్దం దిగిపోయేది. మళ్లీ డాబా, మళ్లీ మంట.

"ఒక్క దెబ్బ కొట్టి ఆగుడేంది బిడ్డా? తుమ్ము సగంల ఆపినట్టున్నది" అని నవ్వాడు కాక.

దెబ్బ పడినప్పుడల్లా ఆయన పాదం కూడా లేచి కాళ్లకు కట్టుకున్న గజ్జెలు ఘల్లుమనేవి. విప్పమన్నాను. "ఇప్పితే చెయ్యి లేవది" అన్నాడు. సరేనని వాటితో సహా రికార్డు చేశాను. సాయంత్రం బస్సుకు పోతూ ఆ డబ్బా తన దరువు నేర్చుకుందా అని అడిగాడు. బాగా నేర్చుకుందని చెప్పాను.

తర్వాత రిహార్సల్లో చిక్కు వచ్చింది. కంప్యూటర్ గడియారం లాగా పోతుంది, కాక అక్క పాదాలతో పోతాడు. ఆమె చరణం సాగదీస్తే ఆయన ఆమెతో ఆగుతాడు, వయొలిన్లు ఆగవు. మూడుసార్లు పాట కుప్పకూలింది. లోపల నాకు కాక మీదే విసుగు పుట్టింది.

మహబూబాబాద్ సభకు రెండు రోజుల ముందు అన్న వచ్చాడు. "కాకకు జరమొచ్చిందట, రాడట. ఈసారికి కంప్యూటర్ల డప్పే పెట్టు" అన్నాడు. కాక పక్కింటివాళ్ల ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఎట్లుందని ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. ఆ జ్వరాన్ని నమ్మడం నాకు హాయిగా ఉండింది.

సభ పగటిపూటే జరిగింది. వేదిక పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వయొలిన్లు లేచాయి, జనం హోరెత్తారు, నా గుండె ఉబ్బింది. అక్క మాత్రం ఎక్కడా ఆగలేక పాట వెంట పరుగెత్తుతోంది. అప్పుడు చూశాను, వేదిక ముందు కట్టిన వెదురు బొంగుల దగ్గర కాక. భుజాన డప్పు, కాళ్లకు గజ్జెలు. జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఎప్పటిలాగే సభ ఉందని విని బస్సెక్కి వచ్చాడు. కండువా కప్పుకున్న వాలంటీరు ఒకడు ఆయన్ని వెనక్కు జరగమని తోస్తున్నాడు. స్పీకర్లలోంచి ఆయన దెబ్బలు, ఆయన గజ్జెలు మోగుతున్నాయి. వేదిక మీద ఎవరి కాళ్లకూ గజ్జెలు లేవు. కాక వేదికంతా వెతికి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నా వేలు మీట మీదే ఉంది. నొక్కితే అంతా ఆగిపోయేది. నొక్కలేదు.

సభ అయ్యాక కాక కనపడలేదు. అన్నను నిలదీశాను. "కాకకు నేను చెప్తలే. తెలంగాణ రానియ్యి, అందరం స్టేజి మీదనే ఉంటం" అన్నాడు. తలూపాను. సిగ్గులేని తల.

నెల తిరక్కముందే నా వంతు వచ్చింది. భూపాలపల్లిలో సభ ఉందని బస్టాండు గోడ మీది పోస్టరు చూసి తెలుసుకున్నాను. నాకెవరూ చెప్పలేదు. వెళ్లేసరికి వేదిక పక్కన ఎవరో పట్నం మనిషి, మంచి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేను రాసిందే మోగిస్తున్నాడు. నా గదిలో కూర్చున్న రోజుల్లో అన్న మొత్తం ఫోల్డరు నకలు చేసుకున్నాడు. సంగీతం ఎవరిదని మైకులో చెప్పినప్పుడు అన్న పేరే చెప్పారు. వెళ్లి అన్న చొక్కా పట్టుకుని, ఇది నాదని అరిచాను.

"నాది నాది అంటవేంది? గిది ఉద్యమం. దీంట్ల నీది నాది ఉంటదా?" అని నా చెయ్యి తీసేసి మైకు దగ్గరికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే కాక ఇంటికి పోయాను. మహబూబాబాద్ తర్వాత ఆయన్ని చూడటం అదే మొదటిసారి. నన్ను చూసి మంచం వాల్చాడు. ఆయన భార్య మంచినీళ్లిచ్చింది. నేను మొదలుపెట్టాను. ఎన్ని రోజులు కష్టపడ్డానో, ఎట్లా ఎత్తుకుపోయాడో, ఎంత ద్రోహమో, గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. కాక చివరిదాకా విన్నాడు.

"గా డబ్బలకెళ్లి నా దెబ్బలు తీసెయ్యొస్తదా బిడ్డా?" అని అడిగాడు.

"నా దాంట్లకెళ్లి తీసేస్త కాక. ఆయన కాడ ఉన్నయి తియ్యరాదు. ఇంకెందరికి ఇచ్చిండో గూడ తెల్వది."

కాక నా చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుని కింద పెట్టాడు. "ఆ అన్న మనిద్దర్ని ముంచిండు కాక" అన్నాను.

"ఆయన మాట నేను ఎన్నడు నమ్మలె బిడ్డా" అన్నాడు కాక. "ఆనాడు నిన్ను జూసి కొట్టిన."