అన్నిటికీ చీటీ ఉన్న చోట: వియన్నా మ్యూజియంలలో అత్తతో ఒక రోజు

వియన్నా చూడాలని మాకు మోజేమీ లేదు. పలాసలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. వియన్నాలో మా పప్పు కొనేవాళ్ళతో మాటలు ముగిశాక తిరుగు విమానానికి ఒక రోజు మిగిలింది. నాతో వచ్చింది మా మేనత్త. ఉద్దానంలో, మందస దగ్గర పల్లెలో ఉంటుంది. యూనిట్‌లో సగం వాటా ఆమెదే, పప్పు నాణ్యత చూసేదీ ఆమే. ఆ రోజు మ్యూజియంలు చూద్దామని నేనే లాక్కెళ్ళాను. వెళ్ళాలనుకునేవారికి పనికొస్తుందని దారీ ఖర్చూ రాస్తున్నాను. మధ్యలో నా కోపం కూడా తగులుతుంది, భరించండి.

రోజంతా చెల్లే టికెట్ ఒకటి కొంటే మెట్రోకీ ట్రాముకీ బస్సుకీ అదే సరిపోతుంది. ఊదారంగు లైనులో మ్యూజియంల పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. పైకి వస్తే రోడ్డుకి ఒక పక్క, ఒకప్పటి రాజుగారి గుర్రపుశాలల్లో పెట్టిన మ్యూజియంలు. రెండో పక్క కోటల్లాంటి భవనాలు రెండు, ఎదురెదురుగా. ఒక్క రోజులో అన్నీ చూసేశామని రాసేవాళ్ళ మాట నమ్మకండి. ఒక్కదానికే మనిషికి రెండు వేల రూపాయలు దాటింది, ఆ ఒక్కదానికే మా కాళ్ళు పీకేశాయి.

మేం ఎంచుకున్నది ఆ కోటల్లాంటి వాటిలో ఒకటి. పదింటికి తలుపు తీశారు. వాకిట్లో నెరిసిన మీసాల కాపలాదారు అత్త చేతిలోని స్టీలు సీసా చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అత్త సీసాను పొట్టకు అదుముకుంది.

"ఏటే, అతగాడు నా నీల్లు వద్దంతన్నాడు? మనది ఉద్దానమని ఈల్లకెవులు సెప్పీసినారు?"

ఇది మా వైపు వాళ్ళకే అర్థమయ్యే పొరపాటు. మా దగ్గర కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. అత్త భర్త, మా మావయ్య, డయాలసిస్ చేయించుకుంటూనే పోయాడు. నీళ్ళ వల్లనా, మరో కారణమా అన్నది మాకెవరూ తేల్చి చెప్పలేదు. చుట్టాలు మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నారు. సొంత సీసాలతో వస్తారు, అత్త ఇచ్చిన గ్లాసు అలాగే అరుగు మీద ఉండిపోతుంది. అలా వద్దనిపించుకోవడం ఆమెకు కొత్త కాదు. నాకు ఒళ్ళు మండి, వచ్చిన ఇంగ్లీషంతా అతని మీద కుమ్మరించాను.

అతను నిదానంగా విన్నాడు. వస్తువుల మీద నీళ్ళు పడతాయని ఎవరి సీసా అయినా లాకర్లోనే పెట్టాలట, తాగడానికి లోపల కుళాయి ఉందట. ఆ మాట అత్తకు చెప్పాను.

"కుళాయి నీల్లా? నానొల్ల," అంది.

ఆమె ముఖం చూసే అతనికి సంగతి తెలిసినట్టుంది. కుళాయి దగ్గరకు తీసుకెళ్ళి, ఒక కప్పు పట్టి ముందు తనే తాగాడు. కొండల నుంచి వచ్చే నీళ్ళని, ఊరంతా ఇవే తాగుతుందని చెప్పి ఇంకో కప్పు పట్టి ఆమెకిచ్చాడు. అత్త తాగింది. "సల్లగున్నాయి," అంది.

లోపల ప్రతి వస్తువు పక్కనా ఒక చీటీ. అత్త ప్రతిదీ చదివించుకుంది. ఈజిప్టు గదిలో ఒక పగిలిన కుండ దగ్గర ఆగిపోయింది. లోపల అంటుకున్న మడ్డిని పరీక్షిస్తే నూనె అని తేలిందని ఆ చీటీలో ఉంది.

"ఎన్నాల్ల నాటిదే?"

"మూడు వేల ఏళ్ళు దాటిందట అత్తా."

"మరి మన నూతి నీల్లు రెండు సీసాల్లో పట్టికెల్లినారు కదా. మీ మావ నెత్తురూ తీసినారు. పేరు రాసి చీటీ కూడా అంటించినారు. మల్లీ వచ్చి సెప్తామన్నారు. ఒకలైనా వచ్చినారేటి?"

రాలేదు. జబ్బు మీద పరిశోధనంటూ జీపులో వచ్చిన ఆ బృందానికి కుర్చీలు వేసింది నేనే. ఎప్పుడో పోయిన మనిషి కుండలో ఏముందో చెప్పడానికి ఈ లోకానికి తీరిక ఉంది. బతికున్న మనిషి నూతిలో ఏముందో ఆ మనిషికి చెప్పడానికి లేదు. పరిశోధన జరగలేదని నేననను, ఎక్కడో అచ్చయ్యే ఉంటుంది. నెత్తురిచ్చిన ఇంటికి ఒక్క కాగితం ముక్క పంపడానికి ఏం అడ్డొచ్చింది? మావయ్య పోయే దాకా ఆ జీపు కోసం వీధి వైపు చూస్తూనే ఉన్నాడు. ఈ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఆ కుండ మీద తీర్చుకున్నాను, ఇక పద అని అత్త మీద విసుక్కున్నాను.

మధ్యాహ్నం బయట తోటలో బెంచీ మీద, బండి దగ్గర కొన్న రొట్టెలూ మా వేయించిన జీడిపప్పూ తిన్నాం. మళ్ళీ లోపలికి వెళ్ళాం. సాయంత్రం మూసేవేళ కూడా అత్త ఒక్కో అద్దాల బీరువాలోకి వంగి చూస్తూనే ఉంది. ఏం వెతుకుతున్నావని అడిగాను.

"మన సీసాలే. ఇన్ని దాసినోల్లు, అయ్యి కూడా ఎక్కడో దాసుంతారని."

నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. అంత దూరం వెళ్ళి నేను చూసిన వింతల్లో నాకు మిగిలింది ఆ చీటీలే. ఒక వస్తువు పట్టుకెళితే, అదేమిటో చెప్పాల్సిన బాధ్యత పట్టుకెళ్ళినవాళ్ళదే అని అక్కడ ప్రతి గోడా ఒప్పుకుంటోంది. మా ఊరికి వచ్చినవాళ్ళకు ఆపాటి మర్యాద కూడా లేకపోయింది.

వెళ్ళేవారికి ఒక్క సలహా: నీళ్ళ సీసాతో వాకిట్లో వాదించకండి, నాకులాగే గొంతు పాడవుతుంది. లాకర్లో పెట్టి తాళంచెవి జాగ్రత్త చేసుకోండి. మేమూ వచ్చేటప్పుడు తాళం తీశాం. అత్త సీసా బయటికి తీసి, మూత తిప్పి చూసి, కొంగుతో తుడుచుకుంది.

"సూడే," అంది, "ఈల్లు తీసుకున్న సీసా తిరిగిచ్చీసినారు."