చర్చి గుమ్మం కింది మూట

ఒడిశాలో బిస్సమ్ కటక్ దగ్గర ఒక పల్లెలో తెల్లదొరల కాలంనాటి చర్చి ఉంది. ఊరివాళ్లు గిర్జా అంటారు. చెదపట్టిన గుమ్మం తీసి కొత్తది నిలబెట్టే పని అసిరయ్యకు వచ్చింది. అతని తాతలు శ్రీకాకుళం నుంచి ఆ దగ్గరి గుణుపూరుకు వచ్చి పొలం చేశారు. అసిరయ్య మాత్రం తాపీ పట్టాడు.

ఎడమవైపు నిలువుచెక్క ఊడదీయగానే కింద సున్నంలోంచి పసుపుగుడ్డ మూట బయటపడింది. విప్పితే నల్లబడ్డ గింజలు. గుమ్మం ఎత్తేముందు నవధాన్యాలు కట్టి కింద పెట్టడం తమ మేస్త్రీల ఆచారం. ఆనాటి మేస్త్రీ ఎవరో పెట్టి ఉంటాడు. అలాంటి మూటను విసిరేయకూడదు, పారే నీటిలో వదలాలి. కళ్లకద్దుకుని తువ్వాలులో చుట్టాడు.

అదే పొరపాటు. సంఘపెద్ద నరేంద్ర చూడనే చూశాడు.

"ఏంటది మేస్త్రీ?"

"ఏటీ నేదు బాబూ."

నరేంద్ర తువ్వాలు లాగాడు. గింజలు మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. ప్రార్థనకు వచ్చినవాళ్లు ఆగిపోయారు.

"మా గిర్జాలో చేతబడి చేస్తావా?"

"నాను పెట్టనేదు. ఇక్కడే దొరికింది."

"దొరికితే దాచడమెందుకు?"

అసిరయ్య వంగి గింజలు ఏరసాగాడు. గుంపులోంచి ఒకడు వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు. ఇసుక మోస్తున్న భార్య రాజులమ్మ తట్ట పడేసి పరిగెత్తుకొచ్చింది.

"నోట్లో సున్నం కొట్టుకున్నావేటి మావా, సెప్పు!" అని నరేంద్రవైపు తిరిగింది. "బాబూ, ఈ మడిసికి ఇంట్లో సుట్ట దాసుకోడవే రాదు. మీ గిర్జాలో మూటలు దాస్తాడేటి?"

పట్టుకున్నవాడు కాలరు వదల్లేదు.

గుమ్మం కుడివైపు చెక్కను అసిరయ్య ఇంకా కదపలేదు. కొందరు మేస్త్రీలు రెండువైపులా పెడతారు, కొందరు ఒకవైపే. అక్కడేమీ లేకపోతే అబద్ధాలకోరు పేరు కూడా మీద పడుతుంది. ఇక ఈ చుట్టుపక్కల ఎవరూ పనికి పిలవరు.

"అటేపు నాను సెయ్యెట్టనేదు. మీరే తవ్వండి."

నరేంద్ర గునపం అందుకున్నాడు. చెక్క ఊడింది. కింద పాత సున్నం రాయిలా ఉంది, పొడి తప్ప ఏమీ రాలలేదు. కాలరు మీద పట్టు బిగిసింది. ఇంకో పోటుకు ఒక పెళ్ల లేచింది. దానిలో అతుక్కుపోయి పసుపుగుడ్డ. సున్నం తడిగా ఉన్ననాడే దానిమీద గుడ్డ నేత అచ్చుపడి ఉంది.

నరేంద్ర గోళ్లతో విప్పాడు. అవే గింజలు. వాటి మధ్య బొటనవేలంత రేకు శిలువ.

కాలరు వదులైంది.

"ఇదీ మీవాళ్లే పెట్టారా?"

"తెల్దు బాబూ. పాదిరీగారే పెట్టించేరో, మావోడే అడిగి పెట్టేడో."

నరేంద్ర శిలువను మళ్లీ గింజల్లో పెట్టి మూట అతనివైపు చాచాడు. "కొత్త గుమ్మం కింద పెట్టెయ్ మేస్త్రీ."

అసిరయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఈపాలి మీ సేత్తో ఎట్టండి. అందరూ సూడగా."