డబ్బా అడుగున మూడక్షరాలు

గల్ఫ్‌లో సీబ్ దగ్గర మా కంపెనీ క్యాంపులో వంట చేసిన బంగ్లాదేశ్ మనిషిని అందరం భాయ్ అనేవాళ్లం. పాకిస్తాన్ నుంచి విడిపోయిన వాళ్ల యుద్ధం ముగిసి అప్పటికి నాలుగైదేళ్లు. నూనె గానీ పాలపొడి గానీ, ఏ డబ్బా వచ్చినా ముందు బోర్లించి చూసేవాడు. ఇంగ్లీషు చదవడం రాదు. అమెరికా పేరును పొట్టిగా యు.ఎస్.ఎ. అని రాసే మూడక్షరాల ఆకారం మాత్రం తెలుసు. అవి కనిపిస్తే ఆ డబ్బాను ముట్టేవాడు కాదు, మేమే విప్పుకోవాలి.

ఒకరోజు విసుగొచ్చి అడిగాను. "ఏంది భాయ్, ఊకె గట్ల తిప్పి సూస్తవ్?"

"పాకిస్తాన్ సైన్యం మా ఊరివాళ్లను ఏటి ఒడ్డున నిలబెట్టి కాల్చేసింది. నా ముగ్గురు తమ్ముళ్లనూ. వాళ్లు పారేసిన తూటాల పెట్టె మీద ఈ అక్షరాలే ఉన్నాయి" అన్నాడు హిందీలో.

తర్వాత క్రేన్ బాగుచేయడానికి ఒక ముసలి అమెరికా మెకానిక్ వచ్చాడు. మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని నిలబడితే భాయ్ రొట్టెల గిన్నె మీద మూత పెట్టేశాడు.

"నౌకరి పోతది భాయ్, పెట్టు" అని బతిమాలాను.

మెకానిక్ కారణం అడిగితే వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పళ్లెం బల్ల మీద పెట్టాడు. "మా అమ్మమ్మ అమెరికా ఆదివాసీ. ఆమె చిన్నప్పుడు మా దేశపు సైన్యమే వాళ్ల గూడెమంతా చంపేసింది. ఆమె ఒక్కతే మిగిలింది" అన్నాడు.

అది హిందీలో చెప్పాను. భాయ్ మూత తీసి, ఆయన పళ్లెంలో రెండు రొట్టెలు వేశాడు. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అడిగాడు:

"వాళ్లింట్లో అన్ని డబ్బాల మీదా అవే అక్షరాలు ఉంటాయి కదా. మరి ఆ అమ్మమ్మ ఏం తిని బతికింది?"