కత్తి పడని ఆకులు

గెర్లాక్‌కు అక్షరం ముక్క రాదు. అయినా ఫ్లాండర్స్ దేశంలోని ఆ క్రైస్తవ మఠంలో అతని చెయ్యి పడని పుస్తకం లేదు. దూడతోళ్లు గీకి రాసుకునే ఆకులు చేసేవాడు. సన్యాసులు రాసి ఇస్తే కుట్టి చెక్క అట్టలు వేసేవాడు. ప్రసంగాలు, మందుల చిట్కాలు, గ్రహాల లెక్కలు, ఏవైనా సరే, కొలత కలిస్తే ఒకే అట్టల మధ్యకు చేరేవి.

ఆ పని నేర్పింది ముసలి ఫోల్కార్డ్. జ్వరంతో మఠం గుమ్మంలో పడిపోయిన గెర్లాక్‌ను లోపలికి తెచ్చి, గంజి తాగించి, చేతికి సూది ఇచ్చిన పుణ్యాత్ముడు. ఆయన పోయిన ఏడాదికి, పుస్తకాల గది పెత్తనం చేసే వాల్బెర్ట్ ఒక సన్నని కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఫోల్కార్డ్ రాసిన చంద్రుడి లెక్కలు. ఇంతకంటే మంచివి వచ్చాయిలే. ముక్కలు కోసి అట్టల బిగింపుకు వాడుకో."

కత్తి తీశాడు గానీ గెర్లాక్‌కు చెయ్యి రాలేదు. ఆ కట్టను లావుపాటి ప్రసంగాల పుస్తకం నడుమ పెట్టి కుట్టేశాడు. అంతదాకా ఎవడు చదివి చస్తాడని అతని ధీమా.

ఆ మఠంలో ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం మొదట్లో సన్యాసులకు తలా ఒక పుస్తకం ఇస్తారు. మరుసటి ఏడు అందరి ముందూ చదివామని చెప్పి తిరిగి అప్పజెప్పాలి. ఆ ప్రసంగాల పుస్తకం పోయి పోయి లాండ్రిక్ అనే సన్యాసి చేతిలో పడింది. అతను ఒక్క అక్షరం వదిలే రకం కాదు.

ఏడాది తిరిగాక లాండ్రిక్ లేచి, "స్వామీ, పాపాల గురించి చదువుతుంటే మధ్యలో చంద్రుడొచ్చాడు" అన్నాడు. అందరూ నవ్వారు. వాల్బెర్ట్ ముఖం కందగడ్డ అయింది.

గెర్లాక్ వెళ్లి మఠాధిపతి ముందు మోకరిల్లాడు. "నేనే కుట్టాను స్వామీ. కొయ్యమన్నారు, కొయ్యలేకపోయాను."

"చెప్పిన మాట వినని చేతికి సూది ఎందుకు స్వామీ? కుట్టు విప్పించి, వీణ్ణి గొడ్ల చావిట్లోకి తోలండి" అన్నాడు వాల్బెర్ట్.

"అందులో ఏముందో తెలుసా నీకు?" అని మఠాధిపతి గెర్లాక్‌ను అడిగాడు.

"తెలీదు స్వామీ. ఆయన రాశాడని తెలుసు, అంతే."

"చివరి వరుసలు లెక్కలు కావు స్వామీ" అంటూ లాండ్రిక్ పుస్తకం తెరిచాడు. లాటిన్‌లో ఉన్నది గెర్లాక్‌కు అర్థమయ్యేలా ఊరి భాషలో చెప్పాడు. "చదివే నాయనా, నా కోసం ఒకసారి ప్రార్థించు. ఈ ఆకులు ఇంత నున్నగా గీకిన గెర్లాక్ కోసం రెండుసార్లు. ముసలి చేతికి రాత సాగిందంటే వాడి చలవే."

ఇన్నాళ్లూ రుణపడింది తానొక్కడేనని అనుకున్నాడు గెర్లాక్. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"ఏడాదంతా రోజూ చేశానయ్యా, రెండుసార్లూ" అన్నాడు లాండ్రిక్.

మఠాధిపతి తీర్పు చెప్పకముందే వాల్బెర్ట్ పుస్తకం కోసం చెయ్యి చాచాడు.

"కుట్టు అలాగే ఉండనివ్వండి. ఈ ఏడు ఆ పుస్తకం నాకివ్వండి స్వామీ."