సండే స్కూల్ మొదలైననాడు ఆయన వయసు

మా మరిదికి కార్పొరేటర్ టికెట్ కావాలి. వరంగల్‌లో మా వార్డుకు పార్టీ పెద్దాయన సభకు వస్తున్నాడనీ, అది బాగా జరిగితే టికెట్ తనదేననీ చెప్పి, ఒక పొద్దున నా ముందు తెల్లకాగితాలు పెట్టాడు.

"వదినా, జర మన కాలనీ గురించి నాలుగు ముక్కలు రాసియ్యి. ఆయన స్టేజీ ఎక్కి అవే చదువుతడు."

నన్నే ఎందుకు అడిగాడంటే, మా చర్చిలో బాప్తిస్మాల, పెళ్లిళ్ల రిజిస్టరు ముప్పై ఒక్క ఏళ్లుగా నా చేతిలోనే ఉంది. మా కాలనీలో ఎవరి వయసు ఎంతో వాళ్లకంటే నాకే బాగా తెలుసు.

పెద్దాయన ప్రసంగాలు అప్పటికే ఫోనులో చూశాను. ములుగులో మాట్లాడితే ఆయన అమ్మమ్మ అక్కడి అడవిలో ఇప్పపూలు ఏరింది. పాలంపేటలో అదే అమ్మమ్మ నాట్లు వేసింది. మరిపెడలో రోడ్డు పక్కన చాయ్ అమ్మింది. మూడూ ఆయన ఐదో ఏటనే. ఆ ఏడు ఆమె ఎన్ని బస్సులు మారి ఉంటుందో లెక్క వేద్దామని కూర్చుని, నాట్ల దగ్గరికి వచ్చేసరికి విసిగి మానేశాను.

"మనకాడ అమ్మమ్మ ఏం చేసింది?" అని మరిదిని అడిగాను.

"ఇక్కడ అమ్మమ్మ లేదు. మన చర్చి సండే స్కూల్ల చదువుకున్ననని చెప్తడట. గది రాయి."

రాశాను. కానీ రిజిస్టరులో ఏ వివరం మీద అనుమానం ఉన్నా, దాని కింద ఎర్ర సిరాతో ఒక వాక్యం చేర్చడం నా అలవాటు. ఇక్కడా చేర్చాను. పెద్దాయన చూసి దిద్దుకుంటాడనుకున్నాను. మరిది చదవకుండానే కాగితాన్ని డీటీపీ షాపుకు పట్టుకుపోయాడు. అక్కడ నలుపూ ఎరుపూ కలిపి, అన్నీ నల్లటి పెద్ద అక్షరాల్లో కొట్టి ఇచ్చారు.

నాలుగింటికి అన్న సభ ఐదుంపావుకు మొదలైంది. ఆ రోజు పెద్దాయనకు అది నాలుగో సభ. తల ఎత్తకుండా చదువుకుంటూ పోయాడు.

"నేను అక్షరాలు దిద్దింది ఈ చర్చి సండే స్కూల్లనే. ఈ సండే స్కూల్ మొదలైననాడు నాకు ఇరవై ఆరేళ్లు."

ముందు వరుసలో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన ఆగలేదు.

"టీచరమ్మ నన్ను ఒళ్లో కూసోబెట్టుకొని పాటలు నేర్పింది. టీచరమ్మ నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది."

ఆ టీచరమ్మ నా పక్కనే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. షామియానా అంతా నవ్వింది. అప్పుడు పెద్దాయన కాగితాన్ని తిప్పి చూశాడు.

"ఇది ఎవలు రాసిన్రు?"

వేదిక మీద మరిది తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. నేనే లేచాను.

"నేనే, సారు."

"ఇరవై ఆరు కరెక్టేనా అమ్మా?"

"నామినేషన్ల మీరు రాసిన వయసు కరెక్టయితే, ఇది కూడ కరెక్టే."

ఈసారి ఆయన కూడా నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే, మీ మోరీల సంగతి చెప్పుండ్రి" అన్నాడు. పొంగే మురికి కాలువల గురించి చెప్పాం, ఇరవై నిమిషాలు. ఒక్క కుర్చీ ఖాళీ కాలేదు.

మరిది నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. "నా టికెట్ నీ ఎర్ర సిరాల మునిగింది" అని నా తోడికోడలితో చెప్పి పంపాడు. పన్నెండో రోజు పార్టీ అభ్యర్థుల జాబితాలో అతని పేరు వచ్చింది. ఆ వారంలో జనం చివరిదాకా కూర్చున్న సభ మాదొక్కటేనని పెద్దాయన అన్నాడట.

ఆ పూటే మరిది తన ప్రసంగం రాసుకుని చూడమని తెచ్చాడు. మొదటి వాక్యం, "నేను ఈ వార్డులనే పుట్టి పెరిగిన." అతని పెళ్లి నమోదులో పుట్టిన ఊరు మరిపెడ అని నా చేతిరాతలోనే ఉంది. ఎర్ర పెన్ను తీశాను.

"వదినా, గదొక్కటి ఇడిచిపెట్టు. అందరు నవ్వుతరు."

"నవ్వనియ్యి. చివరిదాంక కూసుంటరు."

'పుట్టి' కొట్టేశాను. ఇక్కడికి ఎన్నో ఏట వచ్చావని అడిగాను. ఆరో ఏట అన్నాడు, సన్నగా. 'పెరిగిన' ముందు అదీ చేర్చాను.