మట్టి పూసిన ఆలుగడ్డలు

చేతి మహిమ అనేది నిజంగా ఉందని మీరూ నమ్ముతున్నారా? మా అమ్మ నమ్మేది. ఉప్పునుంతల దగ్గర మా పొలంలో తమ్ముడు ఆలుగడ్డలకు తడి ఎర్రమట్టి పూసి, పిడకల నిప్పులో పూడ్చి కాల్చేవాడు. అవి వెన్నలా ఉండేవి. "అంత వాని చేతిలనే ఉందిరా" అనేది అమ్మ. అలాగే కాల్చిన నా గడ్డలు మాత్రం నడుమ పచ్చిగా మిగిలేవి. నాకు ఒళ్ళు మండేది. మహిమలూ మాయలూ లేవని అక్కడే గంటసేపు వాదించేవాడిని. వాదం సరైనదే. కానీ ఎలా కాలుస్తున్నావని వాడిని పన్నెండేళ్లు అడగలేదు. అడిగితే వాడు గెలిచినట్టేనని నా అసూయ.

మొన్న అమ్మ నా గడ్డను కొరికి, మిగతాది కుక్కకు వేసింది. ఇక తట్టుకోలేక తమ్ముడిని అడిగాను.

"నువ్వు నిప్పులకెళ్లి తీసుడుతోనే మట్టి పగలగొడ్తవు గదా అన్నా" అని నవ్వాడు తమ్ముడు. "చల్లారేదాక జర ఆగాలె. లోపలి ఆవిరికే గడ్డ మగ్గుతది. గింత దానికి గన్నేండ్లు నా మీద గుర్రుమన్నవా?"

వాదంలో నేనే గెలిచాను. అయినా వాడి గడ్డ తింటుంటే నా కడుపు ఇంకా మండుతూనే ఉంది. మీరు ఎవరి పనితనం చూసి కుళ్ళుకుంటున్నారో, ఈరోజే వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఎలా చేస్తారో అడగండి.