కోచ్ ఎడమ పక్క కుర్చీ

ఆ సాయంత్రం వెర్లిన్ ఇంటి ముందు ట్రక్కు నిలిపి, ఇంజను ఆపకుండా అందులోనే కూర్చున్నాడు. నవంబరు నుంచీ అదే వరస. మార్లిస్ వంటగది కిటికీలోంచి చూసింది. ట్రక్కు వెనక తెల్లటి ఆవిరి, అద్దం వెనక టోపీ, కదలని తల. సూప్ చల్లారిపోతోందని పిలవబోయి మానేసింది. ఓడిపోతున్న మనిషిని కాసేపు అతని మానాన వదిలెయ్యాలని ఇన్నేళ్ల కాపురంలో నేర్చుకుంది.

చాలాసేపటికి లోపలికొచ్చాడు. గుమ్మం దగ్గర బూట్ల మంచు దులుపుకుని, చిక్కుడు గింజల సూప్, మొక్కజొన్న రొట్టె ముందు కూర్చున్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు.

"డాక్టరు తగ్గించమన్నాడు."

"తినేది వాడా నేనా?"

ఉప్పు డబ్బా తనే తెచ్చుకున్నాడు. గిన్నె కడిగి బోర్లించి వెళ్లి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న జట్టు పిల్లలు రాకముందు కాలేజీ జిమ్‌లో బాస్కెట్‌బాల్ కోర్టు నేల తుడుస్తూ, వెడల్పాటి తుడుపుకర్ర చేతిలో ఉండగానే కూలిపోయాడు, మళ్లీ లేవలేదు. ఫ్రీత్రో గీత దాకా నేల అద్దంలా ఉందట. అక్కణ్ణుంచి అవతలంతా దుమ్మేనట.

వెర్లిన్ ఎకర్ట్ టర్కీ కోళ్లు పెంచే రైతు కొడుకు. దక్షిణ ఇండియానాలో కోల్‌బర్గ్ లాంటి ఊళ్లో మగపిల్లలు కొట్టం గోడకు బంతి వేసే ఇనుప రింగు బిగించుకునే పెరుగుతారు. వెర్లిన్ కూడా అంతే. పెద్ద ఆటగాడు కాలేదు. కానీ ఆట చూస్తే చాలు, ఎవడి మోకాలు నొప్పిగా ఉందో, ఎవడు ఇంట్లో గొడవపడి వచ్చాడో చెప్పేసేవాడు. ఊరి కాలేజీకి కోచ్ అయ్యాక వేరే ఊరు వెళ్లే ఆలోచనే చెయ్యలేదు.

డార్నెల్ ప్రూవిట్ మెంఫిస్ నుంచి సహాయ కోచ్‌గా వచ్చినప్పుడు అతనికి ఒక పెట్టె, డ్రైవరు వైపు తలుపు తెరుచుకోని ఒక కారు ఉండేవి. మొదటి ఆదివారమే వెర్లిన్ అతన్ని భోజనానికి తీసుకొచ్చాడు. మార్లిస్ చేత్తో చేసి ఆరబెట్టిన నూడుల్స్‌ను కోడి పులుసులో ఉడికించి బంగాళాదుంప ముద్ద మీద పోసి పెట్టింది.

"నూడుల్స్ కింద మళ్లీ దుంపలా, మిస్ మార్లిస్? ఇక్కడివాళ్లు దుక్కి దున్ని వచ్చి తింటారా దీన్ని?"

"తిన్నాక నువ్వు దున్నుతావు. తిను," అంది మార్లిస్.

మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆ తర్వాత అతనికి పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, వాళ్లు ఆ బల్ల దగ్గరే పెరిగారు. ఆటగాళ్లూ వచ్చేవారు. సెలవులకు ఇంటికి వెళ్లే దారిలేని సెర్బియా కుర్రాడు మిలోష్ ఒక క్రిస్మస్ అంతా పై గదిలోనే ఉన్నాడు. మంచం పొట్టిదైతే వెర్లిన్ కాళ్ల వైపు బల్ల ఒకటి చేర్చాడు. బంతి నడిపే కీషాన్ వాట్లీకి తల్లి పోయిన వారం, మార్లిస్ ఎవరికీ చెప్పకుండా వాళ్ల ఊరు గ్యారీ దాకా వెళ్లి వంట చేసి పెట్టి వచ్చింది.

ఆటలో డార్నెల్ కుర్చీ కోచ్‌కి ఎడమ పక్క. విరామం అడగగానే వెర్లిన్ మోకాలి మీద ఎత్తుగడలు గీసే పలక పెట్టుకుని, పిల్లల మొహాలే చూస్తూ ఎడమ అరచేయి చాపేవాడు. డార్నెల్ అందులో పెన్ను పెట్టేవాడు. ఒకరినొకరు చూసుకునేవాళ్లు కాదు. పెళ్లయిన కొత్తలో మేం కూడా ఇంతగా కలిసిపోలేదని మార్లిస్ నవ్వేది. ఒక ఆదివారం బల్ల దగ్గర వెర్లిన్ అందరి ముందూ అన్నాడు:

"నా శవపెట్టె మోసే రోజున ఎడమ వైపు ముందు డార్నెల్ ఉండాలి. ఎత్తు సరిపోతుంది."

"ఇంకో రెండు గరిటెల దుంపలు తింటే మోయడానికి ఆరుగురు చాలరు, కోచ్," అన్నాడు డార్నెల్.

వెర్లిన్‌కి ఆఖరిదైన ఆ మార్చిలో జట్టు పోటీల్లో ఎన్నడూ లేనంత దూరం వెళ్లింది. ఊరు ఊరంతా బస్సుకు ఎదురొచ్చింది. అగ్నిమాపక వాహనం మీద కీషాన్, మిలోష్, మూల నుంచి బంతి వేసే బ్రైస్ నిలబడి చేతులూపారు. అది ముగిసి గోడల మీది అభినందనల కాగితాలు ఇంకా తియ్యకముందే, ముగ్గురూ వేరే కాలేజీకి పోతామని, ఆటగాళ్లు కాలేజీ మారే పోర్టల్‌లో పేర్లు పెట్టేశారు. ఈ సంగతి వెర్లిన్‌కి మంగలి కుర్చీలో కూర్చున్నప్పుడు, పక్కవాడి ఫోనులోంచి తెలిసింది. ముగ్గురిలో ఒక్కడూ గుమ్మం తొక్కలేదు. తర్వాత చూస్తే ముగ్గురూ చేరింది ఒకే పెద్ద విశ్వవిద్యాలయం. మిస్సోరీలో. ఆటకు డబ్బిచ్చే చోటు.

ఆ వార్త తెలిసిన ఆదివారం డార్నెల్ ఒంటరిగా వచ్చాడు. కూర్చోలేదు.

"నాకూ మిస్సోరీలోనే ఉద్యోగం ఇచ్చారు, కోచ్."

మార్లిస్ గరిట గిన్నెలో పెట్టేసింది. వెర్లిన్ రొట్టెకు వెన్న రాయడం పూర్తిచేశాడు.

"సామాను ఎప్పుడు?"

"శనివారం."

"ట్రక్కు తెస్తాను."

కోల్‌బర్గ్ మనుషులంతే. వెళ్లేవాణ్ణి ఉండమని అడగరు. అడగడం అవతలివాడి మెడ మీద కాడి పెట్టడం అనుకుంటారు. ఎవరైనా ఊరు విడుస్తుంటే వెళ్లి సామాను ఎక్కిస్తారు, శాండ్‌విచ్‌లు కట్టిస్తారు. మెంఫిస్ మనిషికి అన్నేళ్లలోనూ ఇది ఒంటబట్టలేదు. శనివారం సోఫాకు ఒక కొన వెర్లిన్ పట్టుకున్నాడు, రెండో కొన డార్నెల్. గుమ్మంలో డార్నెల్ ఆగిపోయాడు.

"కోచ్, నన్నేమీ అనరా?"

"వెనక మెట్టుంది. చూసుకో."

అంతే. ట్రక్కు మలుపు తిరిగాక మార్లిస్ ఇంట్లోకొచ్చి, గోడ మీది ఆదివారం భోజనాల ఫోటో తీసి గోడవైపు తిప్పి పెట్టింది.

"మన అన్నం తిని మన పిల్లల్ని తోలుకుపోయాడు. ఈ ఇంట్లో వాడి పేరు ఎత్తితే నేను ఉండను, వెర్లిన్."

"పిల్లలు వెళ్తామంటే…"

"ఎత్తనంటావా లేదా?"

"సరే," అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. అలాగని ఆమె నమ్మింది.

తర్వాతి సీజను చూడలేకపోయారు ఊరివాళ్లు. ఐదుగురు కొత్తవాళ్లు, ఒకడు ఎటు కదులుతాడో ఇంకొకడికి తెలియదు. పాతవాళ్లలో మిగిలిన ఇద్దరు ఖాళీగా ఉన్న మూలకు బంతి విసిరేవారు, అక్కడ ఇంతకుముందు బ్రైస్ ఉండేవాడని కాబోలు. వాళ్లు కొత్తవాళ్లతో మాట్లాడేవారు కాదు. ఎలాగూ పోయేవాళ్లతో స్నేహమెందుకని వాళ్ల లెక్క. వెర్లిన్ ఒకప్పుడు కసిరితే డార్నెల్ వెళ్లి భుజం మీద చెయ్యి వేసేవాడు. ఇప్పుడు కసరడం మాత్రమే మిగిలింది.

మొదటి ఆటలో విరామం అడిగి, వెర్లిన్ అలవాటుగా ఎడమ అరచేయి చాపాడు. కొత్త సహాయ కోచ్, పాపం మంచి కుర్రాడే, అందులో నీళ్ల సీసా పెట్టాడు. వెనక వరసల్లో నవ్వారు. మార్లిస్ నవ్వలేదు. ఆ చెయ్యి సీసాతో అలా గాలిలో ఉండిపోవడం ఆమె చూసింది. ఆ రోజు నుంచి వెర్లిన్ పెన్ను చెవి వెనక పెట్టుకునేవాడు.

"ఏం కోచ్, వచ్చే వారం నన్ను దింపుతావా? మోకాలు ఒకటి బాగానే ఉంది," అనేవాడు మంగలి.

"ఆ ఒక్కటే చాలు, పొద్దున్నే రా," అనేవాడు వెర్లిన్. ఇంటికొచ్చి ట్రక్కులో కూర్చునేవాడు.

అంత్యక్రియల రోజు చర్చి కింది హాల్లో వేయించిన కోడి, హామ్, జర్మన్ దుంపల సలాడ్ పెట్టారు. డార్నెల్ తెల్లవారకముందే బయల్దేరి వచ్చాడు. నల్ల కోటు, ఎర్రటి కళ్లు. ప్రార్థనకు ముందే మార్లిస్ దగ్గరికొచ్చాడు.

"మిస్ మార్లిస్, ఎడమ వైపు ముందు… ఆయన చెప్పారు కదా."

"ఒక్కటి చెప్పు. పిల్లలు ముందు పేర్లు పెట్టారా, నువ్వు ముందు వాళ్లతో మాట్లాడావా?"

అబద్ధం చెబితే పోయేది. అతను చెప్పలేదు.

"నేనే మాట్లాడాను. అప్పటికే వాళ్లకు అన్ని వైపుల నుంచీ ఫోన్లు. పోయేవాళ్లు ఎలాగూ పోతారు, నా దగ్గరైనా ఉంటారనుకున్నాను. కోచ్ ఒక్కసారి వద్దంటే ఆగిపోయేవాణ్ణి."

"వద్దని ఎవరంటారయ్యా ఇక్కడ? ఇన్నేళ్లున్నావు, ఎవరైనా అనగా విన్నావా?"

వెర్లిన్ చెల్లెలు క్లీటా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "వదినా, అన్నయ్య నోటితో అన్న మాట అది."

"ఆ మాట అన్నప్పుడు వీడు వేరే మనిషి." మార్లిస్ గొంతు పెంచలేదు. "ఎడమ వైపు ముందు మంగలి ఉంటాడు. భోజనం చేసి వెళ్లు, డార్నెల్. ఈ ఊళ్లో ఎవర్నీ పస్తు పంపించం."

అతను భోజనం చెయ్యలేదు. శ్మశానం గేటు అవతల, కారు పక్కన, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మోకాలు ఒకటే బాగున్న మంగలి కుంటుతూ పెట్టె మోశాడు. ఎడమ వైపు ముందు మూల దారి పొడుగునా కాస్త వాలిపోయే ఉంది.

మంచు కరగడం మొదలయ్యాక క్లీటా ట్రక్కు అడిగింది. ఆ సాయంత్రం చీకటి పడ్డాక మార్లిస్ దాన్ని ఇవ్వడానికని ఎక్కింది. వెర్లిన్ పోయాక దాన్ని ఎవరూ తియ్యలేదు. తాళం తిప్పగానే ఇంజనుతోపాటు రేడియో మొదలైంది. ఎక్కడో దూరపు స్టేషను, చీకటి పడితే తప్ప అందనిది. గరగర మధ్య ఒక మగ గొంతు ఏదో చెబుతోంది. ఆమె వంగి రేడియో దగ్గర చెవి పెట్టింది.

"…కీషాన్ వాట్లీ బంతి నడుపుతున్నాడు, మిలోష్ వైపు చూశాడు…"

రేడియోకి ఐదు బొత్తాములున్నాయి. ఒకటి నొక్కింది, రెండోది నొక్కింది. అన్నింటికీ ఆ స్టేషనే పెట్టి ఉంది.

ఆమె అలాగే కూర్చుంది. ఎదురుగా వంటగది కిటికీ, లోపల దీపం, ఆమె రోజూ నిలబడి చూసిన చోటు. ఈ ఇంట్లో ఎత్తనన్న పేరు వెర్లిన్ ఇంట్లో ఎత్తలేదు. చలికాలమంతా గుమ్మం ఇవతల కూర్చుని వాళ్ల ఆట విన్నాడు.

చప్పుడు కిటికీ దాకా రానంత తక్కువలో పెట్టుకుని.